తప్పుడు వార్త ముందు పట్టా ఎందుకు చాలడం లేదు

సెమిస్టర్ పరీక్షలకు రెండు రోజుల ముందు, రాత్రి పదకొండు దాటాక, తరగతి వాట్సాప్ గ్రూపులోకి ఒక కాగితం ఫొటో వచ్చి పడుతుంది. పైన విశ్వవిద్యాలయం ముద్ర, కింద పరీక్షల నియంత్రణాధికారి సంతకం, మధ్యలో ‘అనివార్య కారణాల వల్ల పరీక్షలు వాయిదా వేయడమైనది’ అన్న వాక్యం ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో డిగ్రీ, ఇంజనీరింగ్ చదివినవారికి ఇది కొత్త దృశ్యం కాదు. ఆ తరువాత జరిగేదే గమనించదగ్గది. ఒకరు లేఖ సంఖ్యను పెద్దది చేసి చూసి, అది పోయిన సెమిస్టర్ ఉత్తర్వుదని పట్టుకుంటారు. తేదీ దగ్గర మాత్రం అక్షరాలు కాస్త లావుగా ఉన్నాయని ఇంకొకరు చూపిస్తారు. మరొకరు విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ తెరిచి, అలాంటి ప్రకటన ఏదీ లేదని స్క్రీన్‌షాట్ పెడతారు. ఈలోగా ఎవరో వేరే కాలేజీలో ఉన్న స్నేహితుణ్ణి అడిగి, అక్కడి గ్రూపులోనూ ఇదే తిరుగుతోందనీ, ఎవరికీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదనీ చెబుతారు. అరగంటలో విషయం తేలిపోతుంది. అందరూ మళ్ళీ పుస్తకాల ముందు కూర్చుంటారు.

ఆ అరగంటలో ఆ విద్యార్థులు చేసిన పని అచ్చమైన నిజనిర్ధారణ. ఈ పని చేయడానికి జర్నలిస్టులు ఉపయోగించే ముఖ్యమైన పద్ధతులు అందులో ఉన్నాయి. కాగితాన్ని పరిశీలించడంతోనే ఆగకుండా, దాన్ని పక్కన పెట్టి బయటికి వెళ్ళి, అది పుట్టిందని చెబుతున్న చోట నిజంగా పుట్టిందా అని అడిగారు. అయితే మర్నాడు అదే గ్రూపులోకి ఒక నాయకుడు అన్నాడని చెప్పే మాటతో బొమ్మ వస్తుంది, ఎప్పటిదో వరద ఫొటో ఈ ఉదయానిదన్న పేరుతో వస్తుంది, ఫలానా గింజ తింటే మధుమేహం పోతుందన్న వీడియో వస్తుంది. వాటి లేఖ సంఖ్యను ఎవరూ పెద్దది చేసి చూడరు. చాలాసార్లు అవి అక్కడి నుంచి ఇంటి గ్రూపులోకి, ఊరి గ్రూపులోకి సాగిపోతాయి.

విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో తప్పుడు సమాచారం పట్ల అవగాహన గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. వాళ్ళకు అబద్ధాన్ని పట్టుకునే శక్తి లేదన్నది సరైన నిర్ణయం కాదు. తమకు నేరుగా నష్టం తగిలే చోట ఆ శక్తి దానంతట అదే మేలుకుంటోంది. మిగిలిన చోట్ల దాన్ని వాడే అలవాటు లేదు. ఆ అలవాటు చేయించే బాధ్యతను మన ఉన్నత విద్య ఇంకా తన మీద వేసుకోలేదు. అంతకంటే ఇబ్బందికరమైన మాట ఒకటుంది: తరగతి గదిలో మంచి చదువరి లక్షణంగా నేర్పేది కొన్నిసార్లు ఈ పనికి అడ్డంగా నిలుస్తోంది.

ఈ చివరి మాటకు బలమైన ఆధారం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరిశోధన. శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు 2017లో వెలువరించిన ఈ అధ్యయనంలో పాల్గొన్నవారు 45 మందే: పది మంది చరిత్రలో డాక్టరేట్ ఉన్న ఆచార్యులు, పది మంది వృత్తిరీత్యా నిజనిర్ధారకులు, 25 మంది స్టాన్‌ఫర్డ్‌లో డిగ్రీ చదువుతున్న విద్యార్థులు. పిల్లల వైద్యుల సంఘాలుగా చెప్పుకునే రెండు సంస్థల వెబ్‌సైట్లు చూపించి, ఏది ఎక్కువ నమ్మదగినదో చెప్పమన్నారు. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 1930లో ఏర్పడి 60 వేలకు పైగా సభ్యులున్న ప్రధాన వృత్తి సంఘం. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్, స్వలింగ దంపతులు పిల్లలను దత్తత తీసుకునే విషయంలో మొదటి సంఘంతో విభేదించి 2002లో విడిపోయిన కొద్దిమంది సభ్యుల బృందం. పేర్లు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింటికీ ముద్ర ఉంది, రెండింటిలోనూ శాస్త్రీయంగా కనిపించే భాష, వైద్యుల పేర్లు, అధస్సూచికలు ఉన్నాయి.

విద్యార్థుల్లో సగానికి పైగా రెండోదాన్నే ఎక్కువ నమ్మదగినదన్నారు. చరిత్రకారుల్లోనూ చాలామంది తడబడ్డారు. నిజనిర్ధారకులు మాత్రం తడుముకోకుండా సరైన సమాధానానికి చేరారు, అదీ తక్కువ సమయంలో. తేడా తెలివిలో లేదు. ఆచార్యులూ విద్యార్థులూ పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివారు; వాక్యాల తీరు చూశారు, ఆధారాల జాబితా చూశారు, ‘మా గురించి’ అన్న చోట ఆ సంస్థ తన గురించి తాను చెప్పుకున్నది చదివారు. నిజనిర్ధారకులు పేజీ మీద కొద్ది క్షణాలు కూడా నిలవకుండా పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో వెతికారు. మొదటిదాన్ని నిలువుగా చదవడం అనుకుంటే రెండోది పక్కలకు చదవడం.

విశ్వవిద్యాలయం రాత్రింబగళ్ళు నేర్పేది నిలువుగా చదవడమే. పాఠ్యపుస్తకం చేతికి వచ్చేసరికి దాన్ని ఎవరో వడపోసి ఇచ్చారు; గ్రంథాలయంలోకి వచ్చిన పుస్తకాన్ని ఎవరో ఎంపిక చేశారు; కాబట్టి విద్యార్థి చేయవలసింది దాన్ని పూర్తిగా, ఓపికగా, ప్రతి వాక్యానికీ విలువ ఇచ్చి చదవడం. ఆ శిక్షణ గొప్పదే. వడపోత లేని చోట మాత్రం అదే గుణం బలహీనత అవుతుంది. అబద్ధం రాసినవాడు ముందుగా కోరుకునేది మనం అతని పేజీలోనే ఉండి, అతను అమర్చిన ఆధారాలనే చూస్తూ, అతని వాదనతోనే తలపడటం. శ్రద్ధగల చదువరి ఆ కోరికను తెలియకుండానే తీరుస్తాడు.

పాశ్చాత్య గ్రంథాలయాల్లో చాలాకాలం నేర్పిన పరిశీలన పట్టికల లోపం కూడా ఇదే. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చికో ప్రాంగణంలో 2004లో రూపొందిన ఒక పట్టిక ప్రపంచమంతటా ప్రచారంలోకి వచ్చింది. తాజాదనం, ప్రాసంగికత, రచయిత అర్హత, కచ్చితత్వం, ఉద్దేశం అన్న అయిదు అంశాల కింద ప్రశ్నలు వేసుకోమని అది చెబుతుంది. మన కళాశాలల్లో పరిశోధన పద్ధతుల తరగతిలోనూ ఇలాంటివి వినిపిస్తూనే ఉంటాయి: చిరునామా చివర ఏముందో చూడు, అక్షరదోషాలున్నాయేమో చూడు, డిజైన్ చూడు. ఇరవై ఏళ్ళ కిందట పనికొచ్చిన గుర్తులవి. ఇప్పుడు కొన్ని వందల రూపాయలు పెడితే ఎవరికైనా నిగనిగలాడే వెబ్‌సైట్ వస్తుంది, కృత్రిమ మేధ సాయంతో ఒక్క అక్షరదోషం లేని తెలుగు వ్యాసం నిమిషంలో తయారవుతుంది. అక్షరదోషాలను వెతికే విద్యార్థి వాటిని సరిదిద్దుకోగలిగిన మోసగాణ్ణి ఎన్నడూ పట్టుకోలేడు.

మైక్ కాల్‌ఫీల్డ్ అనే అమెరికా బోధకుడు 2019లో దీనికి బదులుగా సూచించిన పద్ధతి చిన్నది. ముందు ఆగాలి, ఎవరు చెబుతున్నారో చూడాలి, అదే విషయంపై ఇంకా మంచి కథనం ఉందేమో వెతకాలి, మాట, బొమ్మ, వీడియో మొదట ఎక్కడ కనిపించాయో అక్కడికి వెళ్ళాలి. మొత్తం పని నిమిషం, రెండు నిమిషాల్లో ముగియాలన్నది అతని పట్టుదల, ఎందుకంటే గంట పట్టే పనిని ఎవరూ రోజూ చేయరు.

ఈ చివరి అడుగు, అంటే మొదటి చోటికి వెళ్ళడం, ఎంత అరుదో స్టాన్‌ఫర్డ్ బృందమే తరువాతి పెద్ద అధ్యయనంలో చూపించింది. 3,446 మంది హైస్కూలు విద్యార్థులకు, అంటే మరి కొద్దికాలంలో విశ్వవిద్యాలయాల్లో అడుగుపెట్టబోయేవారికి, 2016 డెమోక్రటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందని చెప్పే ఒక వీడియో చూపించారు. ఇంటర్నెట్ అందుబాటులో ఉంచి, ఏమైనా వెతుక్కోవచ్చన్నారు. సగానికి పైగా అది బలమైన సాక్ష్యమని నమ్మారు. ఆ దృశ్యాలు నిజానికి రష్యాలో చిత్రించినవి. ఆ మూలాన్ని వెతికి పట్టుకున్నవారు మూడు వేల నాలుగు వందల పైచిలుకు మందిలో ముగ్గురే.

అయితే ఈ పరిశోధనలన్నీ వెబ్‌సైట్ల లోకంలో జరిగినవి. తెలుగు విద్యార్థికి సమాచారం ఎక్కువగా చేరేది వెబ్‌సైట్ నుంచి కాదు. వాట్సాప్ గ్రూపు, ఇన్‌స్టాగ్రామ్ రీల్, యూట్యూబ్ షార్ట్ ద్వారా. పేజీ వదిలి బయటికి వెళ్ళమంటే, అసలు పేజీయే లేని చోట ఎక్కడి నుంచి బయటికి వెళ్ళాలి? ఫార్వర్డ్ అయిన వీడియోకు రచయిత ఉండడు, తేదీ ఉండదు, ప్రచురించిన చోటు ఉండదు. దానికి ఉన్న ఒకే ఒక చిరునామా దాన్ని పంపిన మనిషి. ఆ మనిషి మేనమామో, సీనియరో, చిన్నప్పటి మాస్టారో అయి ఉంటారు. వాళ్ళ మీది నమ్మకం వీడియో మీదికి మారుతుంది.

2018లో దేశమంతా తిరిగిన ఒక వీడియోను దగ్గరగా చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చి, వెనక కూర్చున్నవాడు ఒక పిల్లవాణ్ణి ఎత్తుకోగానే బండి దూసుకుపోతుంది. మిగతా పిల్లలు వెంటపడతారు. అక్కడితో వీడియో ఆగిపోతుంది. అసలు వీడియో అక్కడ ఆగదు: బండి వెనక్కి తిరిగి వస్తుంది, పిల్లవాణ్ణి దింపుతారు, తమ పిల్లలను కనిపెట్టి ఉండమని కరాచీ నగరవాసులను హెచ్చరించే అట్టముక్కను కెమెరాకు చూపిస్తారు. అది పాకిస్తాన్‌లో పిల్లల భద్రత కోసం ఒక స్వచ్ఛంద సంస్థ తీయించిన ప్రచార చిత్రం. చివరి కొన్ని క్షణాలు కత్తిరించేసరికి, పిల్లలను కాపాడుకొమ్మని చెప్పిన చిత్రమే మనుషులను చంపించే సాధనం అయింది. అందులో కృత్రిమ మేధ లేదు, మార్ఫింగ్ లేదు. ఉన్నది కత్తెర మాత్రమే.

పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం తీసింది. జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో అయిదుగురిని కొట్టి చంపారు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాకు విహారానికి వెళ్ళిన హైదరాబాద్ యువకుల బృందంలో ఒకరు బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వబోతే అనుమానం మొదలైంది. వాళ్ళు కారులో బయటపడినా, వాట్సాప్‌లో వాళ్ళ వీడియో కారుకంటే ముందుగా పోయి, ముర్కి గ్రామం దగ్గర దారి మూయించింది. ఒక ఇంజనీరు అక్కడే ప్రాణాలు కోల్పోయాడు.

అదే కాలంలో జోగులాంబ గద్వాల, వనపర్తి ప్రాంతంలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు ఊళ్ళకు వెళ్ళి, కానిస్టేబుళ్ళ చేత ఇంటింటికీ చెప్పించి, డప్పు కొట్టించి, జానపద గీతాలు కట్టించి ఈ వీడియోలు అబద్ధమని వివరించారు. ఆ ప్రయత్నం దేశవ్యాప్తంగా గుర్తింపు పొందింది. మాట తెచ్చే మనిషి తెలిసినవాడైతేనే మాటను నమ్మే చోట, దిద్దుబాటును కూడా తెలిసిన మనిషి చేతనే పంపడం అందులోని కిటుకు. విశ్వవిద్యాలయాలు నేర్చుకోవలసిన పాఠం ఇందులో ఉంది, కింద ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

ఆరోగ్యం విషయంలో ఇంకో ఉదాహరణ చాలు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సమయంలో, చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలోని ఒక గ్రామంలో పదిమంది దాకా ఉమ్మెత్త గింజలతో చేసిన ద్రవం తాగి ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త కాయ ముళ్ళతో గుండ్రంగా, టీవీలో చూపించే కరోనా వైరస్ బొమ్మలా ఉంటుంది కాబట్టి అదే దానికి మందన్న టిక్‌టాక్ వీడియో వాళ్ళు చూశారు. ఉమ్మెత్త విషమని తెలుగు పల్లెల్లో తెలియనివారు తక్కువ. తెలిసిన సంగతిని కూడా భయం, ఫోన్ తెర కలిసి పక్కకు నెట్టేశాయి.

చదువుకున్నవారికి ఇలాంటిది జరగదన్న ధీమాకు ఆధారం లేదు. ఒకే మాట పదేపదే వినిపిస్తే నిజమనిపించడం మొట్టమొదట నమోదైంది కాలేజీ విద్యార్థుల మీద జరిపిన ప్రయోగంలోనే. 1977లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో హాషర్, గోల్డ్‌స్టీన్, టోపినో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు అరవయ్యేసి వాక్యాలు ఇచ్చి, ఏది ఎంతవరకు నిజమనిపిస్తోందో గుర్తించమన్నారు. మూడుసార్లూ మళ్ళీ వచ్చిన వాక్యాల మీద నమ్మకం ప్రతిసారీ పెరుగుతూ పోయింది, అవి నిజమైనా అబద్ధమైనా. ఒకే ఫార్వర్డ్ హాస్టల్ గ్రూపులో, ఊరి గ్రూపులో, కులసంఘం గ్రూపులో కనిపించిన రోజున, మూడు వేర్వేరు చోట్ల చూశాను కాబట్టి నిజమై ఉంటుందన్న భావన కలుగుతుంది. చూసింది మూడు చోట్ల అయినా మూలం ఒక్కటే.

ఇక పంచుకోవడం అనేది నమ్మడం కంటే వేరే పని. గార్డన్ పెన్నీకుక్, డేవిడ్ రాండ్ తదితరులు 2020 నుంచి జరిపిన ప్రయోగాల్లో, ఇది నిజమా అని విడిగా అడిగితే సరిగానే చెప్పగలిగిన మనుషులు, దీన్ని పంచుకుంటారా అని అడిగినప్పుడు ఆ తేడాను అంతగా పట్టించుకోలేదు. ఆ క్షణంలో మనసు నిజం మీద ఉండదు; నవ్వు మీద, కోపం మీద, ముందుగా చెప్పిన పేరు మీద ఉంటుంది. సీనియర్ నటుడు కోట శ్రీనివాసరావు 2023 మార్చిలో తాను బతికే ఉన్నానని వీడియో విడుదల చేయవలసి వచ్చింది. ఆయన మరణించారన్న వదంతిని నమ్మి పోలీసులు బందోబస్తు కోసం ఇంటికి కూడా వచ్చారు. ఆ ఉదయం శ్రద్ధాంజలి పోస్టులు పెట్టినవారిలో ఆయన మీద అభిమానం లేనివారు ఎవరూ ఉండరు. అభిమానమే తొందరపెట్టింది.

తొందరకు ఆదాయమూ తోడవుతోంది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరొక యువతి దేహానికి అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశమంతా కలవరం రేపింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో అరెస్టు చేసింది గుంటూరు జిల్లాకు చెందిన 24 ఏళ్ళ ఇంజనీరింగ్ పట్టభద్రుణ్ణి. ఆమె అభిమానుల పేరిట నడిపే ఇన్‌స్టాగ్రామ్ ఖాతాకు అనుచరులను పెంచుకోవడానికే అతను ఈ పని చేశాడనీ, రెండు వారాల్లో ఆ సంఖ్య 90 వేల నుంచి లక్షా ఎనిమిది వేలకు పెరిగిందనీ పోలీసులు చెప్పారు. మీడియా అక్షరాస్యతను ఇతరులు చేసే మోసం నుంచి తప్పించుకునే విద్యగా మాత్రమే చూస్తే ఈ సంఘటన అర్థం కాదు. విద్యార్థి చూసేవాడే కాదు, తయారుచేసేవాడు కూడా. సాంకేతిక నైపుణ్యం పుష్కలంగా నేర్పిన చదువు, ఆ నైపుణ్యం ఒక స్త్రీ పరువును, మనశ్శాంతిని ఏం చేస్తుందో ఆలోచించే అలవాటును నేర్పకపోతే అది సగం చదువే.

ఇక్కడ వ్యతిరేక దిశలో ఉన్న ప్రమాదాన్ని కూడా చెప్పుకోవాలి. తెలుగు విద్యార్థుల్లో ఏ పత్రిక ఏ పార్టీ వైపు, ఏ ఛానెల్ ఎవరిదో తెలియనివారు లేరు. నిజానికి ఇది చాలా దేశాల విద్యార్థులకు లేని చైతన్యం. కానీ ఈ చైతన్యం ఎక్కువగా ‘అన్నీ అమ్ముడుపోయినవే’ అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతోంది. యజమాని ఎవరన్న ప్రశ్నతో పరిశీలన మొదలు కావాలి; దానితోనే ముగిస్తే, తప్పు చేస్తే సవరణ వేసే పత్రికకూ, పేరూ ఊరూ లేని యూట్యూబ్ ఛానెల్‌కూ తేడా చెరిగిపోతుంది. అప్పుడు మనిషి దేన్నీ నమ్మకుండా ఉండడు. తనకు నచ్చినదాన్ని నమ్ముతాడు. ప్రతిదాన్నీ ప్రశ్నించమని మాత్రమే నేర్పే మీడియా బోధన ఇలా తిరగబడగలదని అమెరికా పరిశోధకురాలు డానా బాయిడ్ 2018లోనే హెచ్చరించారు. అనుమానించడం సులభం. ఎవరిని, ఏ విషయంలో, ఎంతవరకు నమ్మవచ్చో తేల్చుకోవడం కష్టం, నేర్పవలసింది ఈ రెండోదాన్నే.

ఈ కష్టాన్ని తెలుగులో ఇంకాస్త పెంచేది వనరుల కొరత. ఇంగ్లీషులో ఒక వదంతిని వెతికితే దాన్ని ఖండించే కథనాలు పది దొరుకుతాయి. అదే మాటను తెలుగులో టైపు చేస్తే ముందు వరుసలో వచ్చేది చాలాసార్లు ఆ వదంతిని మోస్తున్న వీడియోలే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి సంస్థలు తెలుగులోనూ నిజనిర్ధారణ కథనాలు ఇస్తున్నాయి; కేంద్ర ప్రభుత్వ ప్రకటనల విషయంలో పీఐబీ ఫ్యాక్ట్ చెక్ 2019 నుంచి పనిచేస్తోంది, అయితే అది ప్రభుత్వ విభాగమేనన్న సంగతినీ విద్యార్థి లెక్కలోకి తీసుకోవాలి. వేరే భాషలోని వీడియోకు తెలుగు గొంతు అతికించి పంపడం ఇక్కడ తరచుగా కనిపించే పద్ధతి కాబట్టి, వినిపించే మాటలను వెతకడం కంటే దృశ్యాన్ని వెతకడం మేలు. వీడియోను ఒక చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్ లెన్స్‌లో వేస్తే పాత తేదీతో అదే దృశ్యం బయటపడే సందర్భాలు ఎన్నో. దుకాణం బోర్డు మీది లిపి, వాహనం నంబరు పలక, పోలీసు యూనిఫాం రంగు కూడా చోటును పట్టిస్తాయి. కరాచీ వీడియోను పూర్తి నిడివిలో ఒక్కసారి చూసినవారెవరూ దాన్ని ఫార్వర్డ్ చేసి ఉండేవారు కాదు.

మరి ఇది ఎలా నేర్పాలి? ఇప్పుడు మన ప్రాంగణాల్లో కనిపించేది ఎక్కువగా ఒక్కరోజు సదస్సు. వేదిక, బ్యానరు, ముఖ్య అతిథి, తప్పుడు వార్తలు సమాజానికి చేటు అన్న ప్రసంగం, చివర పాల్గొన్నట్టు సర్టిఫికెట్. నిర్వాహకుల చిత్తశుద్ధిని శంకించవలసిన పని లేదు, కానీ దీని ఫలితం ఎంతో తెలుసుకోవడానికి మన దేశంలోనే ఆధారం ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రీనాథన్ అనే రాజనీతి శాస్త్రవేత్త బీహార్‌లోని గయలో 1,224 మందితో ఒక ప్రయోగం చేశారు. ఇంటికి వెళ్ళి, దాదాపు గంటసేపు కూర్చుని, బొమ్మలను వెనక్కి వెతకడం సహా తప్పుడు సమాచారాన్ని గుర్తించే పద్ధతులు నేర్పారు. ఆ తరువాత పరీక్షించి చూస్తే, మొత్తం మీద గుర్తించే శక్తిలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. మనిషికి మనిషి ఎదురుగా కూర్చుని చెప్పిన గంటకే ఫలితం రాకపోతే, మూడు వందల మందిని హాలులో కూర్చోబెట్టి చెప్పిన గంటకు ఎంత వస్తుంది?

తప్పుడు వార్తలను గుర్తించడానికి ఫేస్‌బుక్ ప్రచురించిన చిట్కాల ప్రభావాన్ని ఇదే కాలంలో పరీక్షించిన మరో అధ్యయనంలో ఒక తేడా కనిపించింది. భారతదేశంలో ఆన్‌లైన్‌లో ఉండే, బాగా చదువుకున్నవారిలో ఆ చిట్కాలు కొంత మేలు చేశాయి. ఉత్తరాది గ్రామాల్లో చేయలేదు. విద్యార్థుల విషయంలో ఇది ఆశ కలిగించే సంగతే. ఒకసారి చదివిన చిట్కా ఎంతకాలం గుర్తుంటుందన్నదే సందేహం.

నిలిచే ఫలితం వచ్చింది పాఠంగా, మళ్ళీ మళ్ళీ, చేతితో చేయించిన చోటనే. అమెరికాలోని నెబ్రాస్కాలో వైన్‌బర్గ్ బృందం 499 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో పౌరశాస్త్రం తరగతిలో యాభై నిమిషాల చొప్పున ఆరు పాఠాలు పక్కలకు చదవడాన్ని నేర్పాయి. ఆ పాఠాలు విన్నవారు వినని తరగతుల కంటే స్పష్టంగా మెరుగయ్యారు. ఆరు పాఠాలంటే ఒక సెమిస్టర్‌లో ఒక యూనిట్‌కు పట్టే సమయం. దీనికి కొత్త విభాగం, కొత్త భవనం అక్కరలేదు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో కమ్యూనికేషన్ స్కిల్స్ ప్రయోగశాల ఉంది, డిగ్రీలో జీవన నైపుణ్యాల కోర్సులున్నాయి. ఆ గంటల్లో, వారానికి ఒకటి చొప్పున, ఆ వారం విద్యార్థుల ఫోన్లలోకి నిజంగా వచ్చిన ఫార్వర్డ్‌లనే పాఠంగా తీసుకోవచ్చు. పరీక్షలో ‘మీడియా అక్షరాస్యత అనగానేమి’ అని నిర్వచనం అడిగితే మాత్రం చేసిందంతా వృథా. ఒక వీడియో ఇచ్చి, పదిహేను నిమిషాల సమయం, ఇంటర్నెట్ ఇచ్చి, ఏ దారిలో వెతికి ఏం తేల్చారో రాయమనాలి. తేలకపోతే తేలలేదని రాసినవారికి కూడా మార్కులు పడాలి. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని ఫార్వర్డ్ చేయకుండా ఆగడం ఈ విద్యలో ఉత్తీర్ణత కిందే లెక్క.

అసలు పరీక్ష మాత్రం తరగతి గదిలో ఉండదు, ఇంటి గ్రూపులో ఉంటుంది. ‘శుభోదయం’ బొమ్మల మధ్య పెదనాన్న పంపిన వైద్యం చిట్కా తప్పని తెలిసిన పందొమ్మిదేళ్ళ అమ్మాయి ముందు ఏ పాఠ్యపుస్తకమూ చర్చించని సమస్య ఉంది. అందరిలో ‘ఇది ఫేక్’ అని రాస్తే పెద్దవారిని చిన్నబుచ్చినట్టు. ఊరుకుంటే ఎవరో ఆ చిట్కా పాటిస్తారు. చాలామంది ఊరుకుంటారు. కొందరు దీనికి తమంతట తామే మంచి దారి కనిపెట్టారు: గ్రూపులో కాకుండా విడిగా ఫోన్ చేసి, ‘పెదనాన్నా, అది డాక్టర్లు వద్దంటున్నారట, ఒకసారి ఇది చూడండి’ అని తెలుగులో ఉన్న వివరణ పంపి, గ్రూపులో సవరణ పెట్టే అవకాశాన్ని ఆయనకే వదిలేయడం. గద్వాల ఊళ్ళలో తెలిసిన కానిస్టేబుల్ చేసిన పనిని ఇక్కడ తమ్ముడి కూతురు చేస్తోంది. ఈ సంభాషణ ఎలా మొదలుపెట్టాలో, మర్యాద చెడకుండా ఎలా ముగించాలో తరగతిలో అభ్యాసం చేయించడానికి సిగ్గుపడనక్కరలేదు. తెలుగు కుటుంబంలో నిజనిర్ధారణకు సంబంధించిన అతి కష్టమైన భాగం అదే.

ఆ మాట ఇంటికి చేరుతుందనడానికి రుజువు మళ్ళీ బీహార్ నుంచే వచ్చింది. గయ ప్రయోగం ఫలించకపోవడంతో వెనుదిరగకుండా, బద్రీనాథన్ సహ పరిశోధకులతో కలిసి, రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో, 583 గ్రామాల్లో 13,500 మందికి పైగా బడి వయసు విద్యార్థులకు కొన్ని వారాల పాటు తరగతులు నడిపారు. ఈసారి పిల్లలు నిజానికీ అబద్ధానికీ తేడా గుర్తించడంలో మెరుగయ్యారు. నాలుగు నెలల తరువాత మళ్ళీ అడిగినా ఆ మెరుగుదల నిలిచే ఉంది, పాఠాల్లో చెప్పని రాజకీయ వదంతుల విషయంలోనూ పనిచేసింది. తరగతిలో అడుగుపెట్టని తల్లిదండ్రులను కూడా పరీక్షించి చూస్తే, పాఠాలు విన్న పిల్లల ఇళ్ళలోని పెద్దలు మిగతావారి కంటే అబద్ధాన్ని ఎక్కువగా గుర్తుపట్టారు.